చేతిలో లెక్క తప్పితే

చిన్నమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

న్యూజెర్సీలో మీ వీధి ఆడవాళ్లు నిన్ను మాజాంగ్‌లో, అదే ఆ పలకల ఆటలో, చేర్చుకున్నారట, రెండో ఆటకే నీ ర్యాక్ (పలకలు నిలబెట్టుకునే చట్రం) మీద ఒక టైల్, అంటే పలక, ఎక్కువ తేలిందట. మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. ఇంతకాలం రమ్మీ ఆడినదానివి, చేతిలో 13 ఉండాలన్న లెక్క నీకు కొత్త కాదు. కానీ ఇక్కడ తప్పే దారులు ఎక్కువ.

అన్నిటికన్నా చార్లెస్టన్ దగ్గర, అంటే ఆటకి ముందు మూడేసి టైల్స్ ఒకరికొకరు మార్చుకునేటప్పుడు, జాగ్రత్త. మూడు ఇచ్చాక ర్యాక్ మీద 10 ఉండాలి. ఒకటి ఎక్కువతో ఆట మొదలుపెట్టే ఈస్ట్‌వి నువ్వైతే 11. అది చూసుకున్నాకే వచ్చినవి తియ్యి. వాటిని గబుక్కున కలిపేసుకోకు, మూడు వచ్చాయో లేదో ముందు లెక్కపెట్టు. కలిపేశాక రెండే వచ్చాయంటే ఎవరు నమ్ముతారు? మొదటిసారి ఎడమకి, చివర్న కుడికి ఇచ్చేటప్పుడు వచ్చినవాటిని చూడకుండానే ముందుకు తోసే వీలుంది కదా, మా బల్ల దగ్గర సగం గొడవలు అక్కడే పుడతాయి. మాటలు ఆపి ఇవ్వాల్సిన చోటు అదే. (ఆ మాటల కోసమే కదా వెళ్లేది అంటావు, నాకు తెలుసు.)

పంచగానే తేడా కనబడితే వెంటనే చెప్పెయ్. మేమైతే తక్కువైనవాళ్లకి వాల్ (బల్ల మీద పేర్చిన టైల్స్ గోడ) నుంచి ఇస్తాం, ఎక్కువైతే పక్కావిడ చూడకుండా ఒకటి లాగుతుంది. చార్లెస్టన్ మధ్యలో తేలితే ఒక్కో బల్లది ఒక్కో పద్ధతి, కొందరు అంతా కలిపేసి మళ్లీ పంచుతారు. కూర్చునే ముందే అడిగి పెట్టుకో.

ఆట మొదలయ్యాక తప్పు తేలితే మాత్రం నీ చెయ్యి డెడ్. కఠినం అనిపిస్తుంది గానీ న్యాయమే. గెలిచే చేతులన్నీ అచ్చేసి ఉండే లీగ్ కార్డు మీద ప్రతి చెయ్యీ 14 టైల్స్‌దే, ఒకటి తక్కువైతే ఎలాగూ గెలవలేవు. ఒకటి ఎక్కువైతే మిగతావాళ్లకి లేని వెసులుబాటు నీకు దొరుకుతుంది. డెడ్ అయ్యాక తియ్యవు, వెయ్యవు, గెలిచినావిడకి డబ్బు మాత్రం అందరితోపాటు ఇస్తావు. అంతకుముందు నువ్వు అందరికీ కనబడేలా సరిగ్గా పరిచిన వాటిలో జోకర్ ఉంటే, అసలు టైల్ ఇచ్చి దాన్ని మార్చుకునే హక్కు మిగతావాళ్లకి అలాగే ఉంటుంది. ఎవరూ చూడట్లేదని వాల్ నుంచి ఇంకొకటి లాగడం, ఎక్కువైంది జారవిడవడం మాత్రం వద్దే తల్లీ. ఒక్కసారి పట్టుబడ్డావా, మళ్లీ పిలవరు.

ఆట నడిమధ్య తప్పేది ఎక్కువగా పిలిచినప్పుడు. ఒకరు వేసిన టైల్ నాకు కావాలని పిలిచి, పరిచి, ఆ సంబరంలో తిరిగి ఒకటి వెయ్యడం మరిచిపోతారు. పరిచినవీ దాచినవీ కలిపి, నీ వంతు కానప్పుడల్లా 13. జోకర్ మార్చుకుంటే లెక్క మారదు, ఒకటిచ్చి ఒకటే తీసుకుంటావు కాబట్టి.

ఈసారి మీ ఇంట్లో ఆడితే వాల్ కట్టేటప్పుడే గమనించు. 152 టైల్స్, ఒక్కొక్కరి ముందు పొడవున 19, రెండు వరసల ఎత్తు. ఎవరి వాల్ అయినా పొట్టిగా ఉంటే పాచికలు వెయ్యకముందే సోఫా కింద వెతకండి.

నీ పెద్దమ్మ