టెక్ సందేహాలు: 8 జీబీ ర్యామ్ వేస్తే 3.24 జీబీయే వాడుతోందెందుకు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకే బాధ. కొన్న వస్తువు సామర్థ్యం ఒకటైతే, కంప్యూటర్ వాడుకుంటున్నది ఇంకొకటి. వస్తువే పాడైందనుకుని వెనక్కి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే మొదటి జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నా పాత కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. స్లో అయిందని 4 జీబీ ర్యామ్‌ను 8 జీబీకి పెంచాను. సెట్టింగ్స్‌లో 8 జీబీ అని చూపిస్తూనే, పక్కన వాడుకోగలిగేది 3.24 జీబీ మాత్రమే అంటోంది. కొత్త ర్యామ్ చెడిపోయిందా?

జవాబు: ర్యామ్‌కు ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. మీ విండోస్ 32 బిట్ రకం. ర్యామ్‌లో ప్రతి బైట్‌కూ ఇంటి నంబర్‌లా ఒక అడ్రస్ ఉంటుంది. 32 బిట్లతో, అంటే 32 సున్నా-ఒకట్లతో, రాయగలిగే అడ్రస్‌లు మొత్తం 4,29,49,67,296. అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాలకు కొన్ని అడ్రస్‌లు కేటాయించాలి. అవి పోగా మిగిలినవే ర్యామ్‌కు దక్కుతాయి. అందుకే మీకు 4 కూడా కాకుండా 3.24 కనిపిస్తోంది.

తప్పంతా ప్రాసెసర్‌ది కాదు. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో కాలానికే 36 బిట్ల అడ్రస్‌లతో 64 జీబీ దాకా అందుకునే వీలుండేది. 32 బిట్ విండోస్ సర్వర్ 2003లో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ అంత ర్యామ్‌నూ వాడుకోగలిగేది. మనం వాడే మామూలు ఎడిషన్లకు మాత్రం మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గరే గీత గీసింది. 4 జీబీ దాటిన అడ్రస్ ఎదురైతే చాలా డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) తడబడి సిస్టమ్ క్రాష్ అయ్యేది మరి. ఈ గీతను చెరిపేస్తామంటూ ఇంటర్నెట్‌లో కొన్ని ప్యాచ్‌లు దొరుకుతాయి. దయచేసి వాటి జోలికి వెళ్లొద్దు. అవి విండోస్ ఫైళ్లనే మార్చేస్తాయి. మీ డేటాను అలాంటి ప్రయోగానికి పెట్టకండి.

అసలు మార్గం 64 బిట్ విండోస్ వేసుకోవడం. ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ తెరిచి 'సిస్టమ్ టైప్' చూడండి. అక్కడ 'ఎక్స్64 ఆధారిత ప్రాసెసర్' అని ఉంటే మీ యంత్రం సిద్ధంగా ఉన్నట్టే. లైసెన్స్ మళ్లీ కొనక్కర్లేదు, అదే ఎడిషన్‌కు పాత లైసెన్సే పనిచేస్తుంది. కానీ 32 నుంచి 64కు నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. కాబట్టి ఫొటోలు, ఫైళ్లు ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పాత ప్రింటర్, స్కానర్ ఉంటే వాటికి 64 బిట్ డ్రైవర్లు దొరుకుతాయో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి. ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎలాగూ కొత్తగా వేస్తున్నారు కాబట్టి, మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందేమో కూడా చూడండి. అది 64 బిట్‌లో మాత్రమే వస్తుంది.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్ దాదాపు ఖాళీగానే ఉంది. అయినా 6 జీబీ వీడియో కాపీ చేయబోతే ఫైల్ మరీ పెద్దదని వస్తోంది.

జవాబు: మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. పై జవాబులోని అంకే ఇక్కడా అడ్డం పడుతోంది. ఫ్యాట్32లో ఫైల్ సైజు రాసుకునే గడి 32 బిట్లది. కాబట్టి ఒక్కో ఫైల్ 4 జీబీకి ఒక బైట్ తక్కువ వరకే ఉండాలి. ఎంత ఖాళీ ఉందన్నదానితో సంబంధం లేదు. అందులో ఉన్నవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఈ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. పాత టీవీలు, కారు స్టీరియోలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవు. వాటికోసమే అయితే ఫ్యాట్32నే ఉంచి, వీడియోను ముక్కలు చేసుకోవడం మేలు.

ప్రశ్న: కొత్త 4 టీబీ హార్డ్ డిస్క్‌లో 2 టీబీ మాత్రమే వాడగలుగుతున్నాను. నన్ను మోసం చేశారా?

జవాబు: లేదు. డిస్క్‌లోని భాగాల (పార్టిషన్ల) లెక్క రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్. మీ డిస్క్ అందులో ఉంది. అది సెక్టార్లను, అంటే డిస్క్‌లోని చిన్న గడులను, 32 బిట్లతో లెక్కపెడుతుంది. ఒక్కో సెక్టార్ 512 బైట్లు అనుకుంటే 2 టీబీ దగ్గర లెక్క అయిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఆ డిస్క్ మీది పార్టిషన్లు తీసేశాక, డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి. పార్టిషన్లు తీస్తే డేటా మొత్తం పోతుంది, జాగ్రత్త. ఆ తర్వాత కూడా 3.63 టీబీ అనే చూపిస్తుంది. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, తేడా అంతే.

ప్రశ్న: ఫోల్డర్‌లో ఫోల్డర్లు పెట్టుకుంటూ పోయాను. ఇప్పుడు కొన్ని ఫైళ్లు కాపీ కావడం లేదు, పేరు పొడవైందంటోంది.

జవాబు: డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు చివరిదాకా మొత్తం దారి 260 అక్షరాల లోపు ఉండాలన్నది విండోస్ పాత నియమం. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి దీన్ని సడలించే సెట్టింగ్ ఉంది కానీ, ప్రోగ్రామ్‌లు కూడా ఒప్పుకోవాలి. అన్నీ ఒప్పుకోవు. పై ఫోల్డర్ల పేర్లు కుదించండి, పని అయిపోతుంది.

ప్రశ్న: వీడియో ఎడిటింగ్‌కు 64 జీబీ ర్యామ్ వేస్తున్నాను. విండోస్ 11 హోమ్ సరిపోతుందా, ప్రో కొనాలా?

జవాబు: హోమ్ 128 జీబీ వరకు, ప్రో 2 టీబీ వరకు తీసుకుంటాయి. ర్యామ్ కోసమే అయితే ప్రోకు డబ్బు పెట్టకండి. మీ మదర్‌బోర్డ్ గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో మాత్రం మాన్యువల్‌లో చూసుకుని కొనండి.