హైస్కూల్లో క్లాసు అదుపులో ఉంటే మార్కులు నిజంగా పెరుగుతాయా?

పెరుగుతాయి, కానీ అదుపు అంటే పిల్లల్ని నోరెత్తనివ్వకుండా కూర్చోబెట్టడం అనుకుంటే మాత్రం కాదు.

ముందు టైమ్ లెక్క చూడండి. పీరియడ్ సుమారు 45 నిమిషాలు. హాజరు, హోంవర్క్ చూడటం, వెనక బెంచీల గొడవ సర్దడం, వీటికే రోజూ 10 నిమిషాలు పోతే వారానికి ఆరు పీరియడ్లలో ఒక గంట పోయినట్టే, అదీ ఒక్క సబ్జెక్టులోనే. పదో తరగతిలో త్రికోణమితి మొదటి పాఠం సరిగ్గా వినని పిల్లవాడికి తర్వాత వచ్చే ఎత్తులు, దూరాల లెక్కలు ఎలా అర్థమవుతాయి?

అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కౌనిన్ 1970లో ప్రచురించిన పరిశోధనలో ఒక విషయం తేల్చాడు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్నదాంట్లో బాగా నడిచే క్లాసుకీ, గోల క్లాసుకీ పెద్ద తేడా లేదు. తేడా అంతా అల్లరికి సందివ్వకుండా పాఠం నడపడంలో, గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచర్‌కి తెలుసని పిల్లలకి అనిపించడంలో ఉంది.

భయపెడితే నిశ్శబ్దం వస్తుంది, నిజమే. కానీ డౌట్ అడగాల్సిన పిల్లలు కూడా ఊరుకుంటారు, వాళ్లకి ఏం అర్థం కాలేదో పరీక్ష పేపర్లో గానీ బయటపడదు. పైగా 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

అరవై మంది ఉన్న సెక్షన్లో ఈ భారమంతా ఒక్క టీచర్ మీద వేయడం మాత్రం అన్యాయం. అక్కడ ముందు సెక్షన్‌ని రెండు చేయాలి, ఆ తర్వాతే టీచర్‌ని అడగాలి.