కడుపుతో ఉన్నప్పుడు చేలో కొట్టే మందులు బిడ్డ బ్రెయిన్‌కి ఏమన్నా చేస్తాయా? మా ఇంట్లో జరిగింది చెప్తా

చెల్లీ, నీ ప్రశ్న చదివి కాసేపు అట్లా కూర్చుండిపోయా. ఐదో నెల, ఇల్లు మిరప చేను పక్కనే, మీ ఆయనే మందు కొడతాడు, మీ అత్తయ్యేమో "మేమంతా ఇట్లాగే కన్నాం, మా పిల్లలకేమయింది" అంటోంది అని రాశావు. మా అత్తయ్య కూడా అక్షరం తేడా లేకుండా ఇదే మాట అంది నాతో.

నాది 2021. గుంటూరు వైపు వాళ్లకి ఆ ఏడాది చెప్పక్కర్లేదు, నల్ల తామర పురుగు పూతలోకి దూరి తోటలకి తోటలు పోయాయి. మామూలుగా వారానికో పది రోజులకో కొట్టేవాళ్లు కాస్తా రెండు మూడు రోజులకోసారి, అదీ రెండు మూడు మందులు కలిపి, షాపులో ఎవరేం చెప్తే అది తెచ్చి కొట్టారు. మా ఆయన సాయంత్రం వచ్చి తడిసిన చొక్కా లుంగీ బాత్‌రూమ్ గోడ మీద పడేసేవాడు, నేను ఏడో నెల కడుపుతో స్టూల్ వేసుకుని వాటిని ఇంట్లో బట్టలతో పాటే బకెట్లో సర్ఫ్ వేసి నానబెట్టి చేత్తో ఉతికేదాన్ని. వేడినీళ్లు పోయగానే వెల్లుల్లి కుళ్లినట్టు ఘాటు లేచేది. తల తిరిగేది, కడుపుతో ఉన్నాగా అందుకేలే అనుకునేదాన్ని. మందు కొలిచే మూత వంటింటి కిటికీలో ఉండేది. చెకప్‌లో రక్తం, బీపీ, స్కానింగ్ అన్నీ చూశారు గానీ ఇంట్లో మందు ఎవరు కొడతారు, బట్టలు ఎవరు ఉతుకుతారు అని ఒక్కళ్లూ అడగలా.

బాబు పుట్టాక భయమేసి చదవడం మొదలుపెట్టా. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ ఇవన్నీ ఒకే జాతి, ఆర్గనోఫాస్ఫేట్‌లు అంటారు. నరం నుంచి నరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అని ఒకటుంటది, పని అయ్యాక దాన్ని తుడిచేసే ఎంజైమ్ ఒకటుంటది, ఈ మందు ఆ ఎంజైమ్‌ని పట్టేస్తది, కబురు ఆగకుండా మోగుతానే ఉండి పురుగు వణికి చస్తది. మన ఒంట్లోనూ అదే ఏర్పాటు. పైగా కడుపులో బిడ్డ బ్రెయిన్ అల్లుకునేటప్పుడు కూడా ఆ ఎసిటైల్‌కోలిన్‌కి పని ఉంది. ఈ మందుల్ని విరగ్గొట్టే పాన్1 అనే ఎంజైమ్ మనకున్నంత పుట్టిన బిడ్డకి ఉండదు, చాలా తక్కువ.

కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ అని కూరగాయల సాగు ప్రాంతం ఉంది, అక్కడ బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు 1999 నుంచి గర్భిణుల్ని, తర్వాత వాళ్ల పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తా వచ్చారు, ఎక్కువ మంది పొలం పనుల కుటుంబాలే. 2011లో చెప్పిందేంటంటే, కడుపుతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఈ మందుల ఆనవాళ్లు బాగా ఎక్కువున్న వాళ్ల పిల్లలకి, బాగా తక్కువున్న వాళ్ల పిల్లల కంటే ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువ. పుట్టాక పిల్లల మూత్రంలో దొరికిన దానితో మాత్రం అంత స్పష్టమైన లింక్ కనపడలా. అంటే అసలు జాగ్రత్త పడాల్సింది నువ్విప్పుడున్న ఈ నెలల్లోనే.

"మేం పొలం వాళ్లం కాదు" అనేవాళ్ల కోసం ఇంకోటి. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు చూసిన తల్లులు సిటీ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు. బొద్దింకలకి కొట్టిన క్లోరిపైరిఫాస్ బొడ్డుతాడు రక్తంలో దొరికింది, అది ఎక్కువున్న పిల్లల్లో ఏడేళ్లకి వర్కింగ్ మెమరీ, అంటే ఒక పని చేస్తా మధ్యలో విషయాలు గుర్తుంచుకునే శక్తి, తగ్గింది. 2001 కల్లా అమెరికాలో ఇళ్లలో దాని వాడకం దాదాపు ఆపేశారు. మన దగ్గర ఇళ్లు కట్టేటప్పుడు చెదల మందుగా పోసేది చాలాసార్లు ఇదే, కాబట్టి ఇల్లు కట్టే పని ఏదైనా పెట్టుకుంటే ఆ రోజుల్లో పుట్టింటికి పో.

ఇక మీ అత్తయ్య మాట. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, కాకపోతే ఏడు పాయింట్లు ఇంట్లో కంటికి కనపడేవి కావు. బిడ్డ నడుస్తాడు, మాట్లాడతాడు, బడికి పోతాడు. నోటి లెక్క చేస్తా మధ్యలో మర్చిపోతే "వెధవకి ధ్యాస లేదు" అంటాం, అంతే. అట్లా అని నీ బిడ్డకి తప్పకుండా ఏదో అవుద్దని కాదు, ఇవన్నీ వందల మంది పిల్లల మీద తీసిన సగటు. మా వాడికి మాటలు కొంచెం లేటు. మందు వల్లేనా అంటే నేనే కాదు ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు, వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయట.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నేను మొదట పెట్టిన గొడవ బట్టల గురించే. చేను దగ్గర మోటారు కిందే స్నానం చేసి వేరే లుంగీ కట్టుకుని రా, తడిసినవి నువ్వే ఉతుక్కో అన్నా. మూడు రోజులు మాటల్లేవు, అత్తయ్య మూతి ముడిచింది, తర్వాత అదే అలవాటైంది. మందు డబ్బాలు, తైవాన్ స్ప్రేయర్ పశువుల కొట్టం వెనక రేకుల గదిలోకి పోయాయి. పక్క చేలో కొట్టే రోజు కిటికీలు మూసేసి, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేదాన్ని. మందు కొట్టిన చేలోకి కోతకి అస్సలు పోలా. కూరగాయలు మానొద్దు, కుళాయి కింద బాగా రుద్ది కడుక్కుని తిను, చాలు.

డబ్బా మీద ఎర్ర త్రికోణం (బాగా విషమని చెప్పే గుర్తు) లేదుగా అని మీ ఆయన అంటాడు చూడు, మా ఆయనా అన్నాడు. ఆ రంగు, మందు మింగితేనో ఒంటికి అంటితేనో ఎంత ప్రమాదమో చెప్తది, కడుపులో బిడ్డ బ్రెయిన్ సంగతి చూసి వేసింది కాదు. క్లోరిపైరిఫాస్‌ది పసుపే మరి.

వాంతులు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం లాంటివి మందు కొట్టిన రోజే వస్తే కడుపు వల్లే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పో, డబ్బా లేబుల్ ఫొటో ఫోన్‌లో ఉంచుకో. ఈ సాయంత్రం మీ ఆయన చేను నుంచి వచ్చాక చొక్కా ఎక్కడ పడేస్తాడో చూడు, ముందు అది తేల్చు. అత్తయ్యతో తర్వాత మాట్లాడొచ్చు.