పాఠకుల ప్రశ్నలు: చలివేంద్రానికి ఎవరొస్తారు, ఎందుకొస్తారు?

ప్రశ్న: ఏటా మార్చి ఆఖర్లో మా సంఘం బస్టాండు దగ్గర చలివేంద్రం పెడుతుంది. మొదటిరోజు ముప్పై మంది, పదోరోజుకు ముగ్గురు. కుర్రాళ్లు ఫొటోలకే వస్తారని పెద్దలు, పెద్దలు పెత్తనానికే వస్తారని కుర్రాళ్లు అంటున్నారు. అందర్నీ నిలబెట్టడం ఎలా?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: ఫొటో కోసం వచ్చినా రానివ్వండి. ఇరవై ఏళ్లవాడు దోస్తు రమ్మంటే వస్తాడు, కొత్త పని నేర్చుకుందామని వస్తాడు, కాలేజీలో లెక్కకొస్తుందని వస్తాడు. ఎన్‌ఎస్‌ఎస్ (కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం) విద్యార్థికి రెండేళ్లలో 240 గంటల సేవ ఉండాలి. కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్‌తో ముందే మాట్లాడుకుని గంటలు రాసే రిజిస్టర్ పెట్టండి. దోస్తులిద్దరికీ ఒకే పూట ఇవ్వండి, విడదీస్తే ఇద్దరూ మానేస్తారు.

అరవై దాటినవాళ్ల లెక్క వేరు. దాహమైనవాడికి నీళ్లు పోస్తే పుణ్యమన్న నమ్మకం ఒకటి. ఇంట్లో ఎవరూ పని చెప్పని వయసులో, ఫలానా వేళకు నా కోసం చూస్తుంటారన్న ఆసరా ఇంకొకటి. ఈ రెండోది మనం పట్టించుకోం. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెడితే మర్నాడు రారు. పొద్దున 6 నుంచి 8 దాకా రంజన్లు (నీళ్లు చల్లబరిచే మట్టికుండలు) కడిగించడం, వాటి కింది ఇసుక తడిపించడం, క్యాన్ల లెక్క రాయడం వాళ్లకు అప్పగించండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఇంటికెళ్లి పిలవండి.

నలభైల్లో ఉన్నవాళ్లకు మనసుంటుంది, తీరిక ఉండదు. ట్రాక్టరో, క్యాన్ల ఖర్చో, ఆదివారం రెండు గంటలో అడగండి.

ఇక పదోరోజు సంగతి. రోజుకు 500 మంది, మనిషికి 250 మిల్లీలీటర్ల గ్లాసులు రెండు అనుకుంటే 250 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు 13. 10 నుంచి 4 దాకా రెండేసి గంటల పూటలు మూడు, పూటకు ఇద్దరు. రోజుకు ఆరుగురు చాలు. ముప్పై మందికి వంతులు వేస్తే ఒక్కొక్కరికి ఐదు రోజులకోసారే వస్తుంది. అందరూ మొదటిరోజే వచ్చి, పని లేక నిలబడి, మన అవసరమేముందని వెళ్లిపోతున్నారు. ‘వీలున్నవాళ్లు రండి’ అంటే ఎవరికీ వీలుండదు. పేరు, తారీఖు, పూట రాసి పందిట్లోనే అంటించండి. పన్నెండు నుంచి రెండు దాకా పూట కుర్రాళ్లదే, ఆ ఎండలో పెద్దవాళ్లను నిలబెట్టొద్దు. ఇసుక మధ్యాహ్నానికి ఆరిపోతుంది, రంజన్‌కు చుట్టిన గోనె కూడా. రెండూ మళ్లీ తడిపితేనే నీళ్లు చల్లగా ఉంటాయి. పొడుగు కాడ గరిటెతోనే ముంచాలి, చెయ్యి తగలకూడదు.

కులాలవారీగా పూటలు మాత్రం వేయకండి. నీళ్లు పోసేది ఎవరని అడిగేవాడి కోసం వంతు మార్చారంటే, వంతు పోయినవాళ్లు మళ్లీ రారు. రాకపోవడమే న్యాయం.

ప్రశ్న: అభిమాన హీరో పుట్టినరోజున మా కుర్రాళ్లు యాభై మంది ఒకేసారి రక్తం ఇస్తారు. 62 ఏళ్ల మా నాన్న తానూ ఇస్తానంటున్నారు.
(ఒక పాఠకురాలు, జడ్చర్ల)

జవాబు: నాన్నగారు ఇదివరకు ఇచ్చి ఉంటే 65 దాకా ఇవ్వొచ్చు. మొదటిసారి అయితే 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. కుదరకపోతే దాతల పేర్లు, తారీఖులు రాసే పుస్తకం ఆయన చేతికివ్వండి, శిబిరానికి అదే ప్రాణం. కుర్రాళ్ల ఉత్సాహం మంచిదే, కానీ నిలవచేసిన రక్తం 35 నుంచి 42 రోజులకు మించి పనికిరాదు. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. యాభై మందిని మూడు జట్లు చేసి నెలకో జట్టును పంపండి. ఒకసారి ఇచ్చినవాళ్లను మళ్లీ, మగవాళ్లయితే 90 రోజులకు, ఆడవాళ్లయితే 120 రోజులకు నాన్నగారే ఫోన్ చేసి పిలవాలి.