బురద దారుల్లో తిరిగే థార్, బొలెరో లాంటి బండికి ముందు ఏం మార్చాలి?

మొదట మార్చాల్సింది టైర్లే. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, లైట్లు తర్వాతి సంగతి. ఇంజిన్ బలమంతా నేలకు చేరేది టైర్ల ద్వారానే కదా. వాన పడ్డాక పరకాల వైపు పత్తి చేల బాటలో మామూలు రోడ్డు టైరు గాడుల్లో నల్లరేగడి పూడిపోతుంది. ఇక టైరు ఉన్నచోటే తిరుగుతుంది. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే ఫోర్ బై ఫోర్ ఉంటే చాలనుకుంటారు గానీ, పట్టు లేకపోతే నాలుగు చక్రాలూ జారతాయి. రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్ల వెడల్పు గాడులు మట్టిని చాలావరకు విదిలిస్తాయి. జిగట మరీ ఎక్కువైతే బురద కోసమే చేసిన మడ్ టైర్లే నయం. బురదలో టైరు గాలి ఒత్తిడిని 20 పీఎస్ఐకి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి. అందుకే రెండో ఖర్చు చిన్న ఎయిర్ కంప్రెసర్.

బండి ముందు బిగించే ఇనుప కడ్డీల బుల్ బార్ రక్షణ ఇస్తుందనేది కూడా అపోహే: ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అడ్డు రావచ్చు, పైగా 2017లోనే కేంద్రం వాటిపై చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది.