కొత్తగా చేరినవాళ్లు పది రోజులకే మానేస్తుంటే

అన్నా, తిరుపతి బస్టాండ్ దగ్గర మీ లాడ్జిలో రిసెప్షన్‌కి చేరిన పిల్లలు పది రోజులకే మానేస్తున్నారన్నారు కదా. జీతం కన్నా మొదటి రోజు సంగతి చూడండి. నేను ఓ హోటల్లో చేరిన రోజు తాళాల గుత్తి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. తెల్లవారుజామున కొండ దిగొచ్చిన యాత్రికులు వేడినీళ్లు అడిగితే, గీజర్ స్విచ్ ఎక్కడుందో తెలియక ఏడుపొచ్చేసింది.

శనివారం రద్దీలో ఎవర్నీ చేర్చుకోకండి. మంగళవారమో బుధవారమో చేర్చుకుని, పాతవాళ్లలో ఓపికున్న ఒకరిని వారం పాటు పక్కనే ఉంచండి. ఆ వారం రాత్రి డ్యూటీ ఒంటరిగా వేయొద్దు, టెన్షన్‌తోనే సగం మంది పోతారు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేస్తుంటే 21,000 రూపాయల వరకు జీతమున్నవాళ్లకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) తప్పనిసరి, చేరగానే చేయించండి. పీఎఫ్‌కి పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంటే అదే తీసుకోండి. రోజూ డ్యూటీ దిగేముందు "ఈరోజు ఎక్కడ ఇబ్బందైంది?" అని మీరే అడగండి.