తుపాకి తన్ను తగ్గాలంటే

తిరుపతి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఉత్తరం చూశాను. కొత్త .30-06 రైఫిల్ భుజం వాయగొడుతోందనీ, నూరు గజాల్లో గ్రూప్ (తూటాలు పడ్డ గుర్తుల గుంపు) అరచేయంత విచ్చుకుంటోందనీ రాశావు. తన్ను తగ్గించడానికి గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ వేయించనా అని అడిగావు. ఇప్పుడే వద్దు.

ముందు లెక్క చూడు. 11.7 గ్రాముల తూటా సెకనుకు 820 మీటర్ల వేగంతో పోతే, గ్యాస్ తోపు కూడా కలుపుకుని, మూడున్నర కిలోల రైఫిల్ సుమారు 30 జౌళ్ల శక్తితో వెనక్కి తంతుంది. అయితే తూటా బ్యారెల్ దాటేలోపు రైఫిల్ జరిగేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. నీ భుజానికి దెబ్బ తెలిసేసరికి తూటా దాటిపోయే ఉంటుంది. మరి గ్రూప్ ఎందుకు విచ్చుకుంటోంది? తన్నుతుందని ముందే కళ్లు మూసుకుని బిగుసుకుంటున్నావేమో చూసుకో. రేంజ్‌లో పక్కవాణ్ణి అసలు రౌండ్ల మధ్య రంగు వేసిన డమ్మీలు రెండు మూడు కలిపి, నీకు చూపకుండా ఒక్కోటే లోడ్ చెయ్యమను. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం మూతి కిందికి దూకిందా, రోగం అదే. దానికి మందు ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగర్ సాధన. తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి మరీ చెయ్యి.

ఇక కొలత. మోచేయి లంబంగా మడిచి, బట్ (భుజానికి ఆనే వెనక కొయ్య) చివర మోచేతి మడతకు ఆనించు. చూపుడువేలు మొదటి కణుపు ట్రిగర్ మీదికి హాయిగా రావాలి. బట్ పొడుగైతే భుజం గుంటలో కూర్చోకుండా జారి చేతి ఎముక మీదికి పోతుంది, నీ కమిలిన మచ్చ అక్కడిదే అయ్యుంటుంది. పొట్టిదైతే స్కోప్ కనుబొమ్మను కొరుకుతుంది. కంటికీ స్కోప్‌కీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లయినా ఉండాలి, నీ స్కోప్‌కు ఎంతో దాని కాగితంలో చూడు.

బట్‌కున్న రబ్బరును గోటితో నొక్కి చూడు. గోరు దిగకపోతే అది ఎండకు గట్టిపడిపోయిన రబ్బరు, ఉన్నా లేనట్టే. అంగుళం మందం మెత్తటి రీకాయిల్ ప్యాడ్ వేయించు, బట్ కొలత సరిగ్గా ఉంటే పాత రబ్బరుకన్నా ఎంత మందం పెరిగిందో అంత కొయ్య కోయించు. కోసేవాడు లైసెన్సున్న గన్‌స్మిత్ అయ్యుండాలి. మన వడ్రంగి మంచివాడే, కానీ మంచాలు చేసేవాడికి ఇది ఇవ్వకు. తువ్వాలు మడిచి భుజాన పెట్టుకునేవాళ్లున్నారు, అది ప్రతి రౌండ్‌కూ ఒక్కో చోటికి జారుతుంది, గురి కూడా దాంతోపాటే జారుతుంది.

బరువు సంగతి: అదే రైఫిల్ నాలుగున్నర కిలోలైతే 30 జౌళ్లు సుమారు 23కు దిగుతాయి. బట్ లోపలి తొర్రలో సీసపు గుళ్లు గుడ్డసంచిలో కుక్కి, కదలకుండా బిగించాలి. గలగలలాడితే పెట్టకపోవడమే మేలు. అంతా వెనకే వేస్తే మూతి తేలికై ఎగురుతుంది, కొంత ముందు కొయ్యలో వెయ్యి. బ్యారెల్‌కు మాత్రం ఏమీ తగిలించకు, దాని కంపనం మారి తూటా పడే చోటు మారిపోతుంది.

బల్ల మీద కాల్చేటప్పుడు ముందు కొయ్య ఇసుకసంచి మీద ఉండాలి, బ్యారెల్ తగలకూడదు. స్వర్ణముఖి ఇసుక జల్లించి, బాగా ఎండబెట్టి, సంచిలో ముప్పాతిక వంతే నింపు. సంచి ఎత్తు పెంచి నిటారుగా కూర్చో. బల్ల మీదికి వంగితే ఒంటికి వెనక్కి ఊగే వీలుండదు, దెబ్బంతా భుజమే తింటుంది. పడుకుని కాలిస్తే రైఫిల్ వెనక ఒళ్లు తిన్నగా ఉండాలి. చెంప కొయ్యకు గట్టిగా అదుము, ఖాళీ వదిలితే చెంపదెబ్బే. పట్టు ఎంత గట్టిగా ఉన్నా ఫరవాలేదు గానీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. బట్ వెనక బరువైన ఇసుకసంచి మాత్రం పెట్టకు. వెనక్కి జరగనివ్వకపోతే రైఫిల్ కొయ్య చీలవచ్చు.

గ్రూప్ ఇంకా విచ్చుకుంటే యాక్షన్ స్క్రూలు (బోల్టు, బ్యారెల్ ఉన్న ఇనుప భాగాన్ని కొయ్యకు బిగించేవి) చూడు, తన్నులకు అవే వదులవుతాయి. పది రూపాయల నోటు బ్యారెల్‌కూ ముందు కొయ్యకూ మధ్య దూర్చి వెనక్కి లాగు. కొయ్యకు తగలకుండా ఉండే ఫ్రీ ఫ్లోట్ బ్యారెల్ అయితే యాక్షన్ దాకా అడ్డం లేకుండా రావాలి. వానాకాలంలో ఉబ్బిన కొయ్య ఇక్కడే పట్టేస్తుంది.

9.7 గ్రాముల తూటాకు మారితే తన్ను కొంత తగ్గుతుంది, కానీ మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే స్కోప్ గురిని తూటా పడే చోటికి సరిచేసుకోవాలి. బరువు వేసినా, ప్యాడ్ మార్చినా అంతే.

బ్రేక్ తన్ను బాగా తగ్గిస్తుంది, కాదనను. గ్యాస్‌ను పక్కలకు తిప్పుతుంది కాబట్టి పక్కనున్నవాడి చెవులు గింగురుమంటాయి. నువ్వు ఇయర్ ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టుకోవాలి. బ్రేక్ బిగించే మర బ్యారెల్ రంధ్రానికి వెంట్రుకంత వంకరైనా తూటా బ్రేక్ లోపల రాసుకుని ఎటో పోతుంది. పైగా అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) రైఫిల్ పోటీల్లో దాన్ని ఒప్పుకోరు, పోటీకి పోయే ఆలోచన ఉంటే గుర్తుపెట్టుకో.

పూటకు ఇరవై రౌండ్లు దాటకు. భుజం అలిసిందంటే చాలించి చిన్న తూటా .22 రైఫిల్ తీసుకో, దాని తన్ను ఒక్క జౌలు కూడా ఉండదు.

మోచేతి మడతనుంచి వేలి కణుపు దాకా ఎంతుందో, ఇప్పుడు ట్రిగర్‌నుంచి బట్ చివర దాకా ఎంతుందో సెంటీమీటర్లలో రాసి పంపు. ఎంత కోయాలో చెబుతాను, అందాకా రంపం తగలనివ్వకు.

ఇట్లు,
మీ మామ